ఆకాశపక్షులను చూశామా?

దొర్నిపాడు శనగ చేల గట్ల మీద తెల్లవారుజామున నడవడం మాకు అలవాటు. మెడలో ఒక పాత బైనాక్యులర్, జేబులో చిన్న నోటుపుస్తకం. ప్రయాణాల్లోనూ అవి వెంట ఉంటాయి. ఒక ఆదివారం సంఘపెద్ద ఒకాయన ఎదురుపడి, ‘ఆరాధన పెట్టుకొని ఈ పిట్టల పిచ్చేందన్నా?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ మాట గుచ్చుకుంది.

కొండమీది ప్రసంగంలో ఆకాశపక్షులను చూడమన్నది ప్రభువే. ఆ వచనాన్ని వందసార్లు వింటాం, ఒక్క పిట్టనూ నిలబడి చూడం. లండన్‌లోని ఆల్ సోల్స్ చర్చి బోధకుడు జాన్ స్టాట్ (1921-2011) దాన్ని ఆజ్ఞగానే తీసుకున్నాడు. వాక్యపరిచర్యకు ఏ దేశం వెళ్లినా బైనాక్యులర్ వెంట ఉండేది. పక్షులే మనకు గురువులంటూ 1999లో ఒక పుస్తకమే రాశాడు.

చూడకుండా బోధిస్తే ఏమవుతుందో మన సంఘాల్లోనే కనబడుతుంది. పక్షులు విత్తవు, కోయవు, కాబట్టి చింతపడొద్దని ప్రసంగిస్తాం. పంట పోయి అప్పు మిగిలిన కౌలురైతు వెనక వరుసలో తల వంచుకొని వింటుంటాడు. ఆయన విత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మరి ఆయనకు ఈ మాట ఎలా వినబడాలి? ఒక్క పూట పసులపోలిగాణ్ణి గమనిస్తే ప్రసంగం మారుతుంది. గేదె వీపు మీద కూర్చొని, గడ్డిలోంచి లేచిన ప్రతి పురుగు మీదికీ దూకుతుంది. పొద్దున మొదలుపెడితే మసకచీకటి దాకా అదే పని. దేవుడు దాన్ని పోషిస్తున్నాడు, నిజమే. నోట్లో పెట్టి కాదు. ప్రభువు వద్దన్నది చింతను, కష్టాన్ని కాదు. ఆ రైతు కష్టాన్ని మందలించే హక్కు మనకు లేదు, ఆయన అప్పు సంగతి కూడా సంఘం అడగాలి.

ఇంకో బాధ ఉంది. మన నంద్యాల జిల్లాలోనే ఉన్న రోళ్లపాడును బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. మేము వెళ్లినప్పుడు కృష్ణజింకలు కనిపించాయి, చలికాలానికి దూరదేశాల నుంచి వచ్చిన గద్దలు గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగాయి. బట్టమేక మాత్రం కనబడలేదు. గడ్డిబీళ్లు సేద్యంలోకి పోయాయి, దాని చోటు పోయింది. దేశం మొత్తం మీద రెండు వందలు కూడా లేవని అంచనా. దేవుడు వడ్డించిన విస్తరిని మనం లాగేసి, ఆయన పోషణ గురించి పాడుకుంటున్నామా అనిపించింది.

ఇదంతా ఆ సంఘపెద్దకు చెప్పాం. యిర్మీయా 8:7 కూడా తీసి చూపాం. తన కాలమెరిగిన సంకుబుడి కొంగ, మంగలకత్తిపిట్ట అందులో ఉన్నాయి. ఆయన కాసేపు పేజీ వైపే చూశాడు. ‘ఇన్నేండ్లుగా చదువుతున్నా. ఇంతకీ మంగలకత్తిపిట్ట ఎట్లుంటుంది?’ అన్నాడు. వచ్చే ఆదివారం ఐదున్నరకు కాలువ గట్టు మీదికి రమ్మన్నాం.