విదేశీ విద్య: ప్రవేశ పత్రం కన్నా ముందు అప్పు లెక్క

కలికిరి: టమోటా సాగుకు పేరొందిన కలికిరి ప్రాంతానికి 2013లో జేఎన్‌టీయూ (అనంతపురం) ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది. మదనపల్లె, కుప్పంలోనూ ఇంజినీరింగ్ విద్య అందుబాటులో ఉంది. బీటెక్ ముగిశాక ఎమ్మెస్ కోసం అమెరికా, జర్మనీల వైపు చూడటం పల్లె కుటుంబాలకూ ఇప్పుడు కొత్తకాదు. అయితే సన్నాహమంటే పరీక్ష రాయడం, ప్రవేశ పత్రం తెచ్చుకోవడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అసలు సన్నాహం ఇంటి ఆర్థిక స్థితిని ఏడాది ముందే తూచి చూడటం.

భూమి ఉన్నా హామీ లేదు

పెద్ద మొత్తం విద్యారుణానికి బ్యాంకులు స్థిరాస్తి హామీ కోరతాయి. రైతు వద్ద ఉన్నది పొలం. బకాయిల వసూలుకు బ్యాంకులు ప్రయోగించే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే చాలా బ్యాంకులు పొలాన్ని హామీగా స్వీకరించవు. పట్టణంలోని ఇల్లు, స్థలం లేదా డిపాజిట్ అడుగుతాయి. ఈ సంగతి ప్రవేశం ఖరారయ్యాక తెలిస్తే గడువు ముంచుకొస్తుంది. అప్పుడు మిగిలేవి అధిక వడ్డీకి అప్పు తేవడం, పొలాన్ని అయినకాడికి అమ్ముకోవడం.

ఉదాహరణకు, 11 శాతం వడ్డీకి రూ.30 లక్షలు తీసుకుంటే ఏటా వడ్డీయే రూ.3.30 లక్షలు. రెండేళ్ల చదువు కాలంలో వడ్డీ కట్టకుంటే బాకీ రూ.36 లక్షలు దాటుతుంది. దానిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.50 వేల వాయిదా చెల్లించాలి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటిన టమోటా సెప్టెంబరు నాటికి పది రూపాయల లోపునకు పడిపోయింది. ఇలాంటి పంటను నమ్ముకుని నెలవారీ వాయిదాకు మాట ఇవ్వడం సాహసమే.

ఉద్యోగం ఖాయం కాదు

అక్కడి ఉద్యోగంతో అప్పు తీరుతుందన్న ధీమాపైనే చాలా కుటుంబాలు ముందడుగు వేస్తాయి. 2024-25లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3.63 లక్షలకు చేరింది. హెచ్-1బీ వీసాల సాధారణ వార్షిక పరిమితి మాత్రం 85 వేలే. వాటికి అన్ని దేశాల వారూ పోటీపడతారు. 2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాల ఇంటర్వ్యూల కొత్త తేదీల కేటాయింపును అమెరికా నిలిపివేసి, జూన్‌లో సామాజిక మాధ్యమాల ఖాతాల పరిశీలనతో పునరుద్ధరించింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. అక్కడే చదువు ముగించి వీసా హోదా మార్చుకునే వారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చినా, ఒక ప్రకటనతో లెక్కలన్నీ తారుమారు కాగలవని తేలిపోయింది.

విశ్వవిద్యాలయం ఎంపికలో పొరపాటు మరింత ప్రమాదకరం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడులు జరిగినప్పుడు తెలుగు విద్యార్థులు పెద్దసంఖ్యలో చిక్కుకున్నారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ ఉదంతంలో విశ్వవిద్యాలయమే అమెరికా అధికారులు పన్నిన వల. తరగతులు లేకుండా వీసా నిలుస్తుందన్న మాట ఎవరు చెప్పినా నమ్మరాదన్నది ఈ రెండింటి పాఠం.

ముందుగా చూసుకోవాల్సినవి

పాస్‌పోర్టులో పేరు పదో తరగతి ధ్రువపత్రంతో సరిపోవాలి. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే మన అలవాటు ఇక్కడే చిక్కు తెస్తుంది. కలికిరి కళాశాల విద్యార్థులకు ట్రాన్స్‌క్రిప్టులు ఇచ్చేది అనంతపురంలోని విశ్వవిద్యాలయం కనుక అందుకు తగిన వ్యవధి ఉంచుకోవాలి.

జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన రుసుము లేదు. అయినా ఏడాది జీవన వ్యయం కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపాలి. మన పట్టాలకు ఏపీఎస్ ధ్రువీకరణ కూడా 2022 నవంబరు నుంచి తప్పనిసరైంది.

కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనాలకు ఎస్సీ, సంచార జాతుల వారితోపాటు భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలూ అర్హులే. కుటుంబ వార్షికాదాయం రూ.8 లక్షలు మించరాదు. ఏటా ఇచ్చేవి 125 మాత్రమే. రాష్ట్ర పథకాల పేర్లు, షరతులు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చాయి. 2022లో తెచ్చిన విదేశీ విద్యా దీవెన తొలి 200 ర్యాంకుల్లోని విశ్వవిద్యాలయాలకే పరిమితమైంది. అందువల్ల సాయం చేతికందే వరకు దానిని ఆదాయంగా లెక్కించరాదు.

వెళ్లవద్దని చెప్పడం ఉద్దేశం కాదు. రెండేళ్ల తర్వాత పట్టాతో తిరిగొచ్చి బెంగళూరులో ఉద్యోగం చేయాల్సి వచ్చినా వాయిదా కట్టగలమా? ఈ ప్రశ్నకు తండ్రీ బిడ్డా కలిసి కాగితంపై జవాబు రాసుకోవాలి. కట్టగలమన్న సమాధానం వస్తే ధైర్యంగా బయలుదేరవచ్చు. రాకుంటే రెండేళ్లు ఇక్కడే పనిచేసి, కొంత కూడబెట్టి వెళ్లడం ఓటమి కాదు. చదువుకు మరో ఏడాది ఉంటుంది. అమ్మిన పొలం తిరిగి రావడం కష్టం.