ఆ పిలిచినవాడు మీకు తెలియనివాడు కాడు

కేంద్ర దూరసంచార శాఖాధికారులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

మీ అనుమతిపత్రముతో వ్యాపారము సాగించుచున్న ఒక సెల్‌ఫోను సంస్థవారు గడచిన వారము మా అక్కగారికి ఒక సందేశము పంపిరి. ఆమె ఫిర్యాదు పరిష్కరింపబడినదనియు, తమ సేవ యెట్లున్నదో ఒకటి మొదలు అయిదు వరకు గల అంకెలలో ఒకదానిని నొక్కి తెలుపవలసినదనియు అందలి సారాంశము. పరిష్కరించినవారెవరో, ఏ విధమున పరిష్కరించిరో అందులో లేదు. ఆ రాత్రియే, రెండు గంటల వేళ, ఆమె ఫోను మరల మ్రోగినది. ఎత్తగా వాడే.

వాడెవడో మాకు తెలియదు. రాజమహేంద్రవరమున ఒంటరిగా నివసించు డెబ్బదియేండ్లు దాటిన వితంతువుకు ఏకైక పుత్రుడు అమెరికాలో నున్నాడని యెట్లో తెలిసికొని, ఊరంతయు నిద్రించు వేళ పిలిచి, "మీ అబ్బాయికి కారు ప్రమాదం జరిగిందమ్మా, ఆస్పత్రిలో ఉన్నాడు" అని చెప్పి, ఆమె గొంతు పెగలకమునుపే పెట్టివేయువాడు. మరియొక రాత్రి మాటాడక ఊపిరి మాత్రము వినిపించువాడు. వేరొక రాత్రి వ్రాయరాని బూతులు పలుకువాడు. ఒక నంబరును నిరోధించిన వేరొక నంబరునుండి వచ్చును. డబ్బడుగడు, బ్యాంకు ఖాతా అడుగడు, ఓటీపీ అడుగడు. ఆ ముసలి ప్రాణము తల్లడిల్లుటయే వానికి ఫలము. ఆమె వెంటనే కొడుకునకు ఫోను చేయును. అచ్చట అది పగటి వేళ. అతడు ఆఫీసు మీటింగులో నుండి ఎత్తకపోయెనా, ఎత్తువరకు ఆమె అనుభవించునది ఏ చట్టములో, ఏ సెక్షను క్రింద నష్టముగా లెక్కింపబడునో మీరు చెప్పగలరా?

మా పేట ఠాణాలో మేము విన్న మొదటి ప్రశ్న "డబ్బేమైనా పోయిందాండీ?" అనునది. పోలేదనగా అచ్చటి రైటరు కొంత నిరాశ చెందినట్లే కనబడి, "అయితే ఆ నంబరు బ్లాక్ చేసుకోండి మాస్టారూ, తెలియని నంబర్లు ఎత్తొద్దని అమ్మగారికి చెప్పండి" అని హితవు పలికెను. దొంగను పట్టుడని మొరపెట్టుకొన్నవానిని, ఇకమీదట ఇంటిని ద్వారమే లేకుండ కట్టుకొనుమనుట వంటి హితవిది. సంస్థవారి కాల్ సెంటరులోను ఇదే మంత్రము. తెలియని నంబరును ఎత్తకుండుట ఆమెకెట్లు సాధ్యము? గ్యాసుబండ తెచ్చు కుర్రవాడు తెలియని నంబరే. పింఛను విషయమై పిలుచు బ్యాంకు గుమాస్తా తెలియని నంబరే. రక్తపరీక్ష ఫలితము తెలుపు ల్యాబు తెలియని నంబరే. భగవంతుని దయవలన అట్టిది జరుగకుండుగాక, నిజముగా కొడుకునకేదైన జరిగిననాడు ఆ వార్త మోసికొని వచ్చునదియు తెలియని నంబరే గదా! ఆ దుర్మార్గుడు కనిపెట్టినది సరిగా ఈ మర్మస్థానమునే.

అయ్యా, వాడు మాకు తెలియకపోవుట సహజము. మీకు తెలియకపోవుట యెట్లు? గుర్తింపు ఋజువు లేనిదే ఎవరికిని సిమ్ము ఇయ్యరాదను నియమము మీది. ఏ నంబరునుండి ఏ నంబరునకు, ఏ క్షణమున, ఎన్ని సెకండ్లపాటు, ఏ టవరు క్రిందనుండి పిలుపు పోయెనో ఆ వివరమును రెండేండ్లు భద్రపరుపవలెనని 2021 డిసెంబరులో సంస్థలను ఆజ్ఞాపించినవారు మీరే. విదేశములనుండి మన దేశపు నంబరుల వేషమున వచ్చు పిలుపులను పసిగట్టు యంత్రాంగమును 2024 అక్టోబరులో నెలకొల్పి, మొదటి 24 గంటలలోనే 1.35 కోట్ల పిలుపులను నిలిపివేసితిమని ప్రకటించినవారును మీరే. అన్ని కోట్ల వేషములను విప్పగలిగిన యంత్రములకు, ఒక్క ఇంటిని పట్టి వేధించువాడు కానరాడా?

పూర్వము పిలిచినవాని జాడ తీయుట యెంత ప్రయాసకరమో తలచిన ఆశ్చర్యము కలుగును. కాన్సాస్ నగరమున శవసంస్కారముల వ్యాపారియైన ఆల్మన్ స్ట్రౌజరు 1891లో పేటెంటు పొందిన పద్ధతిపై వెలసిన యెక్స్ఛేంజీలలో, మాట సాగుచున్నంతసేపే తీగకు తీగ కలిసియుండును గాన, ఫోనెత్తినవారు ఏదో యొక నెపమున ఆ దుష్టుని మాటలలో నిలిపియుంచగా, ఉద్యోగులు ఆ ఇనుపచట్రముల వరుసల నడుమ ఒక సెలెక్టరునుండి దాని వెనుకటి సెలెక్టరునకు వెదకికొనుచు పోయి, వాడు పెట్టివేయులోగా మూలమును చేరవలసియుండెను. 1984లో దూరసంచార పరిశోధనసంస్థయైన సి-డాట్ పుట్టి, డిజిటల్ యెక్స్ఛేంజీలు ఊరూర వెలసిన పిమ్మట ఆ పరుగు తప్పినది. పిలుపు జాడను యంత్రమే వ్రాసికొనసాగినది. శ్రమ తీరిననాడే శ్రద్ధయు తీరిపోయినదా? నేడు ఆ వేధించువానికి చాటు కల్పించుచున్నది, ఠాణాకును సంస్థకును మీ శాఖకును నడుమ తిరుగుచున్న కాగితమే.

చట్టము లేదనుటకు వీలు లేదు. పాత శిక్షాస్మృతిలో 507వ సెక్షనుగా నుండి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 351(4)గా మారిన నిబంధన, పేరు దాచి బెదిరించువానికి బెదిరింపు శిక్షకు తోడు మరి రెండేండ్లవరకు కారాగారము విధించుచున్నది. స్త్రీని మాటలతో అవమానించువానికి 79వ సెక్షను, వెంటబడి వేధించువానికి 78వ సెక్షను కలవు. పేరు దాచుటయే అదనపు నేరమని ధర్మాసనములకు చెప్పిన ప్రభుత్వము, ఆ పేరు కనుగొను భారమును మాత్రము బాధితుల నెత్తిన పెట్టుట న్యాయమా?

కాల్ వివరములు అడిగినవారికెల్ల ఇయ్యవలెనని నేననను. రాజ్యసభలో ప్రతిపక్షనాయకుని కాల్ వివరములే దొంగచాటుగా బయటికి పోయినవని 2013లో దేశమంతయు విన్నది; ఆపిమ్మటనే ఎస్పీ హోదాకు తక్కువగాని అధికారి ద్వారా తప్ప ఆ వివరములను కోరరాదను కట్టుబాటు బిగిసినది. అనుమానపు భర్త చేతికి భార్య ఫోను చరిత్ర పోరాదు, అది సమ్మతమే. కాని ద్వారము ఇరుకైనదగుట వేరు, ద్వారమే లేకుండుట వేరు. పిలిచినవాని పేరు తెరపై చూపవలెనని 2024 ఫిబ్రవరిలో దూరసంచార నియంత్రణ సంస్థయైన ట్రాయివారు సిఫారసు చేసిరి, మంచిదే; కాని పరుల పేరున సిమ్ము సంపాదించినవాడు పిలిచిననాడు ఆ తెరపై వెలుగునది ఒక నిర్దోషి పేరే యగును గదా!

ఇక వ్యాపార పిలుపులపై ఫిర్యాదులకైన 1909కు చెప్పుకొన్నను ఆగని అప్పులవారి పిలుపుల సంగతియు, రియల్ ఎస్టేటు పిలుపుల సంగతియు మీకు తెలియనివి కావు. వానిని గూర్చి వ్రాసి వ్రాసి అలసితిమి. 1930కి పిలిచిన, అది ధననష్టమునకు. మీరు 2024 మార్చిలో తెరచిన చక్షు అను ఫిర్యాదుల వేదికలో విభాగములు మోసములకై యేర్పడినవి. కొంతకాలము ఏ నంబరు నొక్కినను ప్రభుత్వపు హెచ్చరిక వినిపించెడిది; అందులోను ఖాతా, ఓటీపీ, లింకు. ఈ రాజ్యమున పౌరునకు పోగొట్టుకొనదగినది ధనమొక్కటియేనా? నిద్రకు వెల లేదా? విమానములకు దొంగ బాంబు బెదిరింపులు వచ్చిన 2024 అక్టోబరులో యావద్దేశము కదలినదే, బెదిరించినవారిలో కొందరు దొరకిరి కూడ. ఒక ముసలమ్మ ఇంట మ్రోగిన బెదిరింపునకు ఒక గుమాస్తా యైనను కదలడా? ఫిర్యాదును మూసివేయు అధికారము సంస్థకిచ్చినవారెవరు? మూసిన ఫిర్యాదును తెరచి చూచువారెవరు? వాడు పొరుగింటివాడో, బంధువో, పనిలేని ఆకతాయియో తేలనంతకాలము, ఆమె వీధిలో కనబడిన ప్రతివానిని అనుమానించుచు బ్రతుకవలసినదేనా?

ఏమి చేయవలెనో చెప్పుటకు నేను ఇంజనీరును గాను, న్యాయవాదిని గాను. మీ శాఖకును పోలీసు శాఖకును నడుమ ఇట్టి మొరలకొక త్రోవ యేర్పరుపుడు. అది యెట్టిదో మీకే తెలియవలెను. ఆ త్రోవ పడులోగా, డబ్బు పోవువరకు వేచియుండుడని మాత్రము మాకు మరల చెప్పింపకుడు.

ఇట్లు,
ఒక విశ్రాంతోపాధ్యాయుడు