ఎర వాళ్ళది, పోటు మీది

ప్రశ్న: మావారికి 68 ఏళ్ళు. రైల్వేలో రిటైరయ్యారు. ఆరేళ్ళుగా బి.పి. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నారు. ఉప్పు తగ్గించాం, పచ్చళ్ళు మాన్పించాం. పొద్దున 136/84 ఉండే బి.పి. రాత్రి చూస్తే 170/100 ఉంటోంది. భోజనమయ్యాక సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంటారు. చూస్తున్నంతసేపూ ఎవరినో తిడుతూనే ఉంటారు. అలాంటి ఒక వీడియో గురించే సొంత తమ్ముడితో మాటామాటా పెరిగింది. రెండు నెలలుగా రాకపోకలు లేవు. ఇంటర్ చదివే మా మనవడు "తాతయ్యని రేజ్ బెయిట్ చేస్తున్నారు" అని నవ్వుతున్నాడు. ఈ మాటకు అర్థమేమిటి? దీనికీ బి.పి.కీ సంబంధం ఉందా?
– ఒక సోదరి, మెట్టుగూడ, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, మీ మనవడు నవ్వుతూ అన్నా సరైన మాటే అన్నాడు.

"రేజ్" అంటే ఒళ్ళు తెలియని కోపం. "బెయిట్" అంటే ఎర, గాలానికి గుచ్చే వానపాము వంటిది. చూసేవాళ్ళకు కోపం రావాలనే ఉద్దేశంతో తయారుచేసి వదిలే రాతగాని, బొమ్మగాని, వీడియోగాని రేజ్ బెయిట్ అవుతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల సంస్థ దీనినే 2025 సంవత్సరపు మాటగా ఎన్నుకుంది.

మన ఇళ్ళల్లో వాడే "ప్రొవోక్" వేరు. పక్కింటివారి టీవీ మోత కూడా మనల్ని ప్రొవోక్ చేయవచ్చు. అందులో వారి దురుద్దేశం ఉండకపోవచ్చు. రేజ్ బెయిట్‌లో ఉద్దేశమూ ఉంది, లాభమూ ఉంది. మీరు తిడుతూ చూసినా, తిడుతూ పదిమందికి పంపినా వాళ్ళకు చూసినవారి లెక్క పెరుగుతుంది, దానితో రాబడి పెరుగుతుంది. అలాగని మనకు నచ్చని ప్రతి అభిప్రాయాన్నీ ఈ మాటతో కొట్టిపారేయకూడదు.

ఇక బి.పి. సంగతి. కోపం రాగానే మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, పోటు పెరుగుతుంది. ఎదుట పాము కనిపించినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. పడక కుర్చీలో కూర్చున్న మనిషికి దీనివల్ల ఉపయోగం లేదు. అమెరికాలో 280 మంది ఆరోగ్యవంతులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. కోపం తెప్పించిన సంగతిని 8 నిమిషాలు తలచుకున్నవారిలో రక్తనాళాలు విప్పారే శక్తి 40 నిమిషాల దాకా తగ్గి ఉంది. కోపంతో ఊగిపోయిన తరువాతి రెండు గంటల్లో గుండెపోటు అవకాశం దాదాపు అయిదు రెట్లు ఉంటుందని 2014లో వెలువడిన మరో సమీక్ష తెలిపింది. ఆరోగ్యవంతునికి ఒక్కసారి కోపం వస్తే ప్రమాదం స్వల్పమే. బి.పి. ఉన్నవారు రోజూ రాత్రి ఇదే పనిగా పెట్టుకోవడం మంచిది కాదు.

మలేరియా అన్న మాటకు చెడుగాలి అని అర్థం. గాలి వల్లనే ఆ జ్వరం వస్తుందని చాలాకాలం నమ్మారు. 1897లో మన బేగంపేటలోనే రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ క్రిమిని చూశాడు. దోమ తన గుడ్ల కోసం మన రక్తం తాగిపోతుంది. జ్వరం మాత్రం మనకు మిగులుతుంది. ఈ వీడియోల పని కూడా అంతే. "కాలం చెడిపోయింది" అని మీవారు అనుకుంటున్నారు. కుట్టిన దోమ ఆయన చేతిలోనే ఉంది.

మీరు చేయవలసినవి:

1. బి.పి. చూసేముందు అరగంట ఫోను, కాఫీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఇలా వారంరోజులు ఉదయం, రాత్రి రాసి మీ డాక్టరుకు చూపండి. అప్పటికీ రాత్రి ఎక్కువే ఉంటే మందు మార్చవలసి రావచ్చు. మీ అంతట మీరు మాత్రలు పెంచవద్దు, మానవద్దు.

2. రాత్రి భోజనమయ్యాక ఫోను వేరే గదిలో పెట్టించండి. ఊరికే లాక్కుంటే అదొక తగువు. ఆ వేళకు మనవడితో కలిసి నాలుగడుగులు వేయమనండి.

3. కోపం తెప్పించేది కనబడితే, "నాకు కోపం వస్తే ఎవరికి లాభం?" అని ఒక్క ప్రశ్న వేసుకోమనండి. వీధిలో మురుగు నిలిస్తే వచ్చే కోపం మంచిదే. దానితో మునిసిపాలిటీకి అర్జీ రాయవచ్చు. ఈ కోపంతో చేయగలిగింది ఏమీ లేదు.

4. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకరపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

ఇది చెబుతున్న నేనూ ఒకసారి ఇలాంటి గాలానికి చిక్కినవాణ్ణే. డాక్టర్లను తిడుతున్న వీడియోకు అర్ధరాత్రి దాకా జవాబులు రాసి, మర్నాడు ఓ.పి.లో ఏ తప్పూ చేయని ఒక ముసలామెను కసురుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

చివరగా, ఆ వీడియో తీసినవాడికి మీవారి పేరు తెలియదు, ఆయన తమ్ముడి పేరూ తెలియదు. వాడికోసం అన్నదమ్ములు విడిపోవడమేమిటి? ఈ ఆదివారం మీరే మరిదిగారిని భోజనానికి పిలవండి. అందుకు తగిన మాత్ర మా దగ్గర లేదు.