సోలెడు ఉప్పు, సోలెడు కారం

గత వేసవిలో మా ఇంట పెట్టిన ఆవకాయ జాడీ వానలు మొదలయ్యేసరికి బూజు పట్టింది. ముక్కలు తడి లేకుండా తుడిచినవే, నూనె పైకి తేలేటట్లు పోసినదే. కారణమేమిటని కోడలిని అడిగాము. "అన్నీ తూచే వేశాను మామయ్యా" అన్నది. నిజమే, తూచింది. మా అమ్మగారు చెప్పి వెళ్ళిన కొలత సోలెడు కారం, సోలెడు ఆవపిండి, సోలెడు ఉప్పు. కోడలు సోలెడు కారం తూచి, ఎంత తూగిందో అంతే బరువు ఉప్పునూ వేసింది. కారం గుల్ల సరుకు. దంచిన ఉప్పు అదే సోలలో దానికి రెట్టింపుకు పైగా తూగుతుంది. కనుక సోలెడు పడవలసిన ఉప్పు అరసోల కూడా పడలేదు. ఉప్పు చాలని ఊరగాయ నిలుస్తుందా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు ఇది తెలియని సంగతి కాదు. పత్తినీ ఎండుమిర్చినీ కుంచంతో కొలిస్తే గాలినే ఎక్కువ అమ్మినట్లవుతుంది. అందుకే మిర్చి యార్డులో ప్రతి టిక్కీ కాటా ఎక్కవలసిందే. 1962 నాటికి కిలోగ్రాము దేశమంతటా తప్పనిసరి అయినా, మన వంటిళ్ళలో గిద్దె, సోల, తవ్వ, మానిక ఇంకా మిగిలాయి. వాటిని గ్రాములలోకి మార్చదలచిన వారు ఒక్క అంకెతో అన్నిటినీ మార్చబోవడమే చిక్కు. 200 మిల్లీలీటర్ల గ్లాసు నీరు 200 గ్రాములు. అదే గ్లాసుతో నూనె సుమారు 184 గ్రాములు, బియ్యం 160, 170 మధ్య, గోధుమపిండి నూరుకు కాస్త పైన. పిండిని అదిమితే ఆ లెక్క కూడా మారుతుంది.

మన ధర్మవేత్తలు ఈ చిక్కును ఏనాడో గమనించారు. దైవప్రవక్త (స) ఫిత్రాను సాఅతో నిర్ణయించారు. సాఅ కొలపాత్రే గాని తూకపురాయి కాదు. దానిని బరువులో చెప్పవలసి వచ్చినప్పుడు హనఫీ పండితులు 1040 దిర్హముల మాష్ గాని మసూరు గాని పట్టే పాత్ర సాఅ అని వ్రాశారు. ఆ గింజలనే ఎంచుకోవడానికి కారణముంది. ఒక రాశికీ మరొక రాశికీ వాటి బరువులో తేడా బహు స్వల్పం. ఎంత నిదానమైన ఆలోచన! మన ఉపఖండపు పెద్దలు అర సాఅ గోధుమలను పౌనేదో సేరుగా, అనగా 140 తులాలుగా లెక్కించారు. నేటి తూకంలో అది దాదాపు 1 కిలో 633 గ్రాములు. గోధుమలకు సరిపోయిన ఆ పాత్రతోనే పిండి కొలిచి ఇస్తే పేదవాని సంచిలో పావు వంతుకు పైగా తరుగుతుంది. ఇచ్చినవారు మాత్రం నిండుగా ఇచ్చామనే అనుకుంటారు. కనుక ఫిత్రాకు పిండి ఇచ్చేవారు కాటాపై తూచే ఇవ్వాలి. బియ్యం హదీసులో పేర్కొన్న వస్తువులలో లేదు గనుక హనఫీ మార్గంలో దానిని గోధుమల వెలకు సరిపోల్చి ఇస్తారు.

పండితులు మసూరుతో చేసిన పని మన ఇళ్ళలో సోలతో చేయవచ్చు. మీ ఇంటి సోలను, పక్కింటి సోలను కాదు, తలకొట్టుగా నింపి ఒక్కొక్క దినుసును విడివిడిగా ఒకసారి తూచండి. ఖాళీ సోల బరువు తీసివేయడం మరువకండి. మా కోడలు ఈ ఏడు కాయలు కొనకముందే ఆ పని చేసింది. కారానికొకటి, ఆవపిండికొకటి, ఉప్పుకొకటి, మూడు అంకెలు వ్రాసిన కాగితం మా వంటింటి అలమర తలుపుకు లోపలి వైపు అంటించి ఉంది.