కిటికీ మూసి చిమ్నీ పెడతారట!

ఈమధ్య ఏ గృహప్రవేశానికి వెళ్లినా ఇదే వరస. వంటింట్లోకి తీసుకెళ్లి మెరిసిపోతున్న చిమ్నీ చూపిస్తారు. "కిటికీ ఏదమ్మా?" అంటే, "అక్కడ పెద్ద అల్మారా వచ్చిందండీ. చిమ్నీ ఉండగా కిటికీ ఎందుకు ఆంటీ అన్నాడు ఇంటీరియర్ అబ్బాయి" అంటారు. ఆ అబ్బాయి జన్మలో ఎండుమిరపకాయల పోపు వేసి ఉండడు.

చిమ్నీ చేసే పని గాలిని బయటికి తోయడం. తోసినంత గాలీ మళ్లీ ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా? ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న వంటింట్లో పట్టే గాలి 22 ఘనమీటర్ల పైచిలుకు. చిమ్నీ పెట్టె మీద గంటకు 1200 ఘనమీటర్లు లాగుతుందని రాసి ఉంటుంది. అంటే నిమిషం దాటేసరికి వంటింట్లో గాలంతా ఒకసారి మారాలి. అన్నీ బిగించి కూర్చుంటే ఎలా మారుతుంది? మోటారు రొద పెడుతుంది, పొగ మన మొహం మీదే తిరుగుతుంది. లాగగలిగిన కాస్తా బాత్రూం జాలీలోంచి, షాఫ్ట్‌లోంచి లాగుతుంది. చేపలు మనం వేయించకపోయినా పక్కింటి వాసన మన హాల్లోకి వచ్చేది అందుకే.

వాసన అయితే ముక్కు మూసుకుంటాం. గ్యాస్ గీజర్ ఉన్న ఇళ్ల సంగతేమిటి? గాలి చాలని ఇంట్లో చిమ్నీ జోరుగా లాగితే, గీజర్ గొట్టంలోంచి బయటికి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి రావచ్చు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం తీస్తుంది.

అలాగని పొయ్యి పక్క కిటికీ బార్లా తెరవమని కాదు. అడ్డంగా వచ్చే గాలి పొగను చిమ్నీకి అందకుండా చెదరగొడుతుంది, మంటనూ ఆర్పేస్తుంది. పొయ్యికి దూరంగా, వీలైతే ఎదురుగా ఉన్న కిటికీయో యుటిలిటీ తలుపో నాలుగు వేళ్లంత తెరిస్తే చాలు. గాలి అటునుంచి నెమ్మదిగా వచ్చి, పొగను ఇటు పైకి తోస్తుంది. బాణలి పెట్టకముందే చిమ్నీ వేయాలి, దించాక ఓ పది నిమిషాలు ఉంచాలి. కరెంటు పోతే? అప్పుడు మిగిలేది ఆ కిటికీ ఒక్కటే.

గొట్టం లేని చిమ్నీ కొన్నవాళ్లకు ఇంకో మాట. అది జిడ్డును, కొంత వాసనను పట్టుకుని, అదే గాలిని మళ్లీ మన నెత్తిన వదులుతుంది. మంటలోంచి వచ్చే వాయువులు, తేమ, వేడి ఇంట్లోనే ఉంటాయి. దానికి కిటికీ ఇంకా ఎక్కువ కావాలి.

"మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండలేదా?" అని మగవాళ్లు అంటూంటారు. వండింది, జీవితమంతా దగ్గింది కూడా. అయినా ఆ పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, దొడ్డి తలుపు పొద్దస్తమానం తీసే ఉండేది. కిటికీకి మన కావ్యాల్లో గవాక్షం అని పేరు. ఆవు కన్ను అని అర్థం. ఆ కాలంలో కన్నైనా ఉండేది, మన ఫ్లాట్లకు అదీ లేదు. ఎక్కువ వేడి మీద నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగ బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2010లో వేసిన సంపుటంలోనే ఉంది. గారెలు తినేవాళ్లు హాల్లో ఉంటారు. ఆ పొగ ముందు నిలబడేది ఎవరు?

దోమలంటారా, మెష్ వేయించండి. నెలకోసారి జిడ్డు కడిగేది ఎటూ మనమే, చిమ్నీ ఫిల్టర్లతో పాటు అదీ కడుగుదాం.

ఒక్క విషయంలో మాత్రం చిమ్నీని అసలు నమ్మకూడదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, పైనున్న చిమ్నీకి అందదు. వాసన రాగానే చిమ్నీ స్విచ్చి నొక్కారో, ఆ చిన్న నిప్పురవ్వ చాలు. స్విచ్చి జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ తీసి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయాలి. కింద నేల దగ్గర గాలి పోవడానికి తలుపు సందో జాలీయో ఉండాలి. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు పూజగది ఏ దిక్కున ఉందో అడుగుతాం కదా, అదే నోటితో ఈ జాలీ ఎక్కడుందో కూడా అడగండి.