భయము పాపమా?

పరీక్షలు సమీపించినప్పుడు మన ప్రార్థనాలయములో మోకరించువారి సంఖ్య హెచ్చుట ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. దీనిని చూచి కొందరు నవ్వుదురు. భయపడిన బిడ్డ తండ్రియొద్దకు పరుగెత్తుటలో నవ్వదగిన దేమున్నది? అయితే వారిలో కొందరికి భయముతోపాటు మరియొక భారము కూడ కలదు. “నేను విశ్వాసిని గదా, నాకు భయమేల? నా విశ్వాసము నిజమైనది కాదేమో” యని వారు లోలోన క్రుంగుదురు. ఈ రెండవ భారమును మోపినవారము చాలవరకు పెద్దలమైన మనమే. దానిని దింపవలసినవారమును మనమే.

ఈ తప్పు నేనును చేసితిని. ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని పనిలో చేరిన తొలి దినములలో, గణిత పరీక్షకు ముందు ఒక బాలుడు వణకుచు నా యొద్దకు వచ్చి, రాత్రులు నిద్ర పట్టుట లేదని చెప్పెను. “నీకు విశ్వాసము చాలదు, పోయి ప్రార్థన చేసికొనుము” అని పంపివేసితిని. ప్రార్థింపుమనుట తప్పు కాదు; పంపివేయుట తప్పు. ఆ బాలుడు మరల ఎన్నడును తన కష్టమును నాతో చెప్పుకొనలేదు.

లేఖనములు అట్లు చేయలేదు. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయమును చదువుడి. కర్మెలు పర్వతముపై 450 మంది బయలు ప్రవక్తల యెదుట ఒంటరిగా నిలిచిన ఏలీయా, యెజెబెలు రాణి బెదరింపగా ప్రాణభయముతో పారిపోయెను. సేవకుని బెయేర్షెబాలో విడిచి, అరణ్యమున ఒక దిన ప్రయాణము చేసి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చావే మేలని దేవుని వేడుకొనెను. దేవుడు అతనిని గద్దించెనా? లేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతచేత రొట్టెయు నీళ్లును ఇప్పించి, మరల పరుండనిచ్చి, మరల భోజనము పెట్టించెను. హోరేబులో ఏలీయా ఒకే మొరను రెండు పర్యాయములు వినిపించినను ఓపికతో ఆలకించెను. పిమ్మట చేయవలసిన పనిని అప్పగించెను. ఒంటరినైతి ననుకొనిన ఆ ప్రవక్తకు, ఇశ్రాయేలులో ఇంకను 7,000 మంది నమ్మకస్థులు కలరని తెలిపి, ఎలీషాను చూపెను. నిద్ర, ఆహారము, ఆలకించు చెవి, చేతికి పని, ప్రక్కన తోడు: భయపడిన తన సేవకునికి దేవుడు చేసిన చికిత్స యిది.

“భయపడకుడని లేఖనములు పదే పదే చెప్పుట లేదా?” యని మీరు అడుగవచ్చును. చెప్పుచున్నవి. కాని ఆ మాట చీకటిలో ఏడ్చు బిడ్డతో తల్లి పలుకు మాట వంటిది. అది ఆదరణయే గాని నేరారోపణ కాదు. చింతపడవద్దని ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పౌలు బంధకములలో నుండి వ్రాసెను. సంఘములన్నిటిని గూర్చిన చింత తనకు దినదినము కలదని కొరింథీయులకు వ్రాసినవాడును ఆయనయే. చింతను దాచుకొనుమని ఆయన చెప్పలేదు. కృతజ్ఞతతో దేవునికి తెలుపుమనెను. మన ప్రభువు సహితము గెత్సేమనేలో తన వేదనను దాచక, ముగ్గురు శిష్యులను తనతోకూడ మెలకువగా నుండుమని కోరెను.

తలిదండ్రులారా, 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత అనేకమంది విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఏ మార్కుల పట్టికయు మన బిడ్డ ప్రాణమునకు వెల కాజాలదు. ఈ మాటను ఫలితములకు ముందుగానే బిడ్డకు చెప్పుడి. పిమ్మట చెప్పుదమని ఆగకుడి. భయము వారముల తరబడి విడువక నిద్రను, ఆకలిని హరించినచో వైద్యుని యొద్దకు తీసికొని పొండు. అది అవిశ్వాసము కాదు. పౌలు సహచరుడైన లూకా వైద్యుడే గదా! భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును.

విద్యార్థులారా, రాత్రి పండుకొనుటకు ముందు మీ భయమును దాని పేరు పెట్టి దేవునికి చెప్పుడి. ఆ దినమున పొందిన ఒక మేలుకు స్తోత్రము చెల్లింపుడి. తరువాత దీపమార్పి నిద్రింపుడి. రేపటి పాఠమునకు రేపటి బలము దొరకును. ఉదయమున ఒక లెక్కతో పని మొదలుపెట్టుడి. భయము పూర్తిగా పోయిన తరువాత లేచెదమని కాచుకొనవద్దు. ఏలీయా భోజనము చేసి లేచి నడచెను. విశ్వాసమనగా అట్టి నడకయే.

అప్పటికిని భారము తీరనియెడల నా గది తలుపు తట్టుడి. ఈ మారు పంపివేయను. కూర్చుండి విందును, తరువాత ఇద్దరమును కలిసి ప్రార్థింతము.