చలిజ్వరానికి దుప్పట్లు కప్పవచ్చునా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్ళు. రెండు రోజులుగా సాయంత్రమయ్యేసరికి వణుకుతో జ్వరం వస్తోంది. మూడు దుప్పట్లు కప్పి చెమట పట్టిస్తే జ్వరం దిగుతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, కొడవలూరు

జవాబు: చలి వేస్తున్నదంటే జ్వరం ఇంకా ఎక్కుతున్నదన్నమాట. రోగక్రిములు చేరినప్పుడు శరీరపు వేడిని పెంచమని మెదడు ఆదేశిస్తుంది. కండరాలు వణికి ఆ వేడిని పుట్టిస్తాయి. జ్వరం దిగేటప్పుడు చెమట పట్టడం నిజమే. కానీ చెమట పట్టించినంత మాత్రాన జ్వరం దిగదు.

వణుకుతున్నంతసేపు ఒక పలుచని దుప్పటి చాలు. వణుకు తగ్గగానే అదీ తీసివేయండి. చన్నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే వణుకు ఎక్కువవుతుంది. పారాసెటమాల్ బిడ్డ బరువుకు తగిన మోతాదులో, ఆరు గంటల ఎడంతో ఇవ్వండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. గంజి, మజ్జిగ, కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి.

వణుకుతో వచ్చే ప్రతి జ్వరమూ మలేరియా కాదు. న్యుమోనియా కావచ్చు, మూత్రంలో చీము కావచ్చు. అందువల్ల ఊహించి మలేరియా మాత్రలు వేయకండి. ఈ రోజే ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గినా మందు పూర్తిగా వాడాలి.

బిడ్డ మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మెడ బిగుసుకున్నా, ఆయాసపడినా తెల్లవారే దాకా ఆగవద్దు.